నొప్పి మొదలైంది రాత్రి ఏడింటికి



ఆగస్టు 9 దగ్గరకొస్తోంది. గ్రూపు నిండా ధింసా ప్రాక్టీసు వీడియోలు, ర్యాలీ ఫోటోలు చూస్తున్నాం. సంతోషంగానే ఉంది. ఈ టైములో ఇలాంటి పోస్టు పెట్టొచ్చా అని చాలా ఆలోచించాం. ఎనిమిది నెలలుగా రాయాలనుకుని ఆగిపోతున్నాం. ఎందుకంటే ఇందులో మా తప్పు ఉంది. పోస్టు పెద్దదే, కాస్త ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మేం ఇద్దరం అన్నదమ్ములం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక కొండ మీది ఊరు మాది. మాలో పెద్దోడికి 20 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం, బీజడ్‌సీ. చిన్నోడు ఇంటర్. ఏజెన్సీలోనే ఒక టౌనులో పక్కపక్క హాస్టళ్లలో ఉంటున్నాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అమ్మానాన్నలకు వేలిముద్రే. ఈ పోస్టు టైపు చేసేది పెద్దోడు, పక్కన కూర్చుని "అది కాదు, అప్పుడు అలా అనలేదు" అని గుర్తు చేసేది చిన్నోడు. అందుకే "మేం" అని రాస్తున్నాం. తప్పు కూడా ఇద్దరిదీ.

పోయిన డిసెంబరు. కాఫీ పండ్ల కోతలు నడుస్తున్నాయి. నాన్న సాయంత్రం తోటలోంచి బస్తా మోసుకుని దిగాడు. బస్తా దింపి అరుగు మీద కూర్చుని, లేవలేదు. గుండెల మీద బండ పెట్టినట్టుంది అన్నాడట. ఎడమ చెయ్యి లాగుతోంది, దవడ కూడా పట్టేసింది అన్నాడట. డిసెంబరులో మా ఊళ్లో చలి ఎలా ఉంటుందో ఏజెన్సీ వాళ్లకు చెప్పక్కర్లేదు. పొయ్యి దగ్గర నుంచి లేవబుద్ధి కాదు. అలాంటి చలిలో నాన్న చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. "సలిలో సెమటేటి?" అని అమ్మ భయపడింది. అప్పుడు టైము ఏడు. ఆ ఏడు మాకు బాగా గుర్తు, ఎందుకో తర్వాత చెప్తాం.

ముందు దిసారిని పిలిచారు. ఆయన చేటలో బియ్యం పోసి చూసి, తోటలో గాలి తగిలింది అన్నాడు. తొమ్మిదింటికి కింద ఊరి ఆర్ఎంపీ బండి మీద వచ్చాడు. కడుపు నొక్కి చూసి గ్యాస్ అన్నాడు. ఒక సూది వేసి, రెండు బిళ్లలు ఇచ్చి 300 తీసుకుని వెళ్లాడు. దిసారినీ ఆర్ఎంపీనీ తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లకు తెలిసింది వాళ్లు చేశారు. పిలిస్తే రాత్రిపూట కొండెక్కి వచ్చింది వాళ్లే.

తర్వాత చిన్నాన్న సిగ్నల్ బండ ఎక్కి మాకు ఫోన్ చేశాడు. మా ఊరికి పైన ఒక పెద్ద బండ ఉంది, ఫోన్ సిగ్నల్ అక్కడ మాత్రమే వస్తుంది. టైము 9:40, ఫోన్‌లో ఇప్పటికీ ఆ కాల్ ఉంది. స్పీకర్ పెట్టి ఇద్దరం విన్నాం. నొప్పి, చెమట, చెయ్యి లాగడం, రెండుసార్లు వాంతి, అన్నీ చెప్పాడు చిన్నాన్న. "డోలీ కట్టమంటారేటి?" అని అడిగాడు.

"ఆర్ఎంపీ చూశాడు కదా చిన్నాన్నా, గ్యాస్ అయ్యుంటుంది. రాత్రిపూట చలిలో దింపితే ఇంకా కష్టం. పొద్దున్న చూద్దాం" అన్నాం.

ఇదే మా తప్పు. దిసారి చదువుకోలేదు, చిన్నాన్న చదువుకోలేదు. ఊరు ఊరంతా మా మాట కోసం ఆగింది, ఎందుకంటే మేం చదువుకుంటున్నాం. మాలో పెద్దోడు ఆ సెమిస్టరులోనే గుండె నిర్మాణం బొమ్మ గీసి 8 మార్కులకి 7 తెచ్చుకున్నాడు. కర్ణికలు, జఠరికలు, కవాటాలు అన్నిటికీ బాణాలు పెట్టి పేర్లు రాశాడు. ఆ గుండె జబ్బు పడితే మనిషి ఎలా ఉంటాడో ఆ బొమ్మలో లేదు, మేం ఎవరినీ అడగనూ లేదు. పైగా మా మనసులో ఒక మాట నాటుకుపోయి ఉంది. గుండెపోటు ఏసీ గదుల్లో కూర్చునే వాళ్లకి వస్తుంది, కొండలెక్కి చోడి అంబలి తాగేవాళ్లకి రాదు అని. మీలో ఎంతమంది ఇలాగే అనుకుంటున్నారో ఒకసారి చెయ్యెత్తండి. నాన్న కొండలెక్కుతాడు, నిజమే. కానీ పదిహేనేళ్ల వయసు నుంచి చుట్ట కాలుస్తున్నాడు. ఎండు చేపల ఉప్పు మా ఇంట్లో మామూలే. బీపీ అనేది జీవితంలో ఒక్కసారి కూడా చూపించుకోలేదు. అప్పటికి నాన్నకి 46.

తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ ఫోన్. నొప్పి తగ్గలేదు, మనిషి నీరసపడిపోతున్నాడు. అప్పుడు మేం 108కి ఫోన్ చేశాం. ఐదింటికి వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ ఎత్తారు. ఆరుగురు మనుషులు, ఇద్దరిద్దరు మార్చుకుంటూ, 5 కిలోమీటర్లు. మధ్యలో వాగు. ఏడుంబావుకి రోడ్డు మీదికి వచ్చారు. అంబులెన్సు అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఎనిమిదింటికి టౌను ఆసుపత్రికి చేరారు, మేం గేటు దగ్గరే ఉన్నాం.

చేరిన పది నిమిషాల్లోపే ఈసీజీ తీశారు. డాక్టరమ్మ కాగితం చూసి, నాన్నని వదిలి మా వైపు తిరిగి అడిగింది. "నొప్పి కరెక్టుగా ఎన్నింటికి మొదలైంది?"

"రాత్రి ఏడింటికి మేడమ్."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. పదమూడు. "ఇది హార్ట్ ఎటాకే. పన్నెండు గంటల్లోపు తెచ్చుంటే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చేదాన్ని. ఇప్పుడు దాంతో పెద్ద లాభం ఉండదు, విశాఖ పంపించాలి" అంది. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది.

ఆస్పిరిన్ బిళ్ల నమిలించి, ఇంకొన్ని మందులు ఇచ్చి అంబులెన్సులో పంపారు. ఘాట్ రోడ్డు మీద ప్రతి మలుపులో నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాం. విశాఖలో సాయంత్రానికి యాంజియోగ్రామ్ చేసి, గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం మూసుకుపోయింది అని ఒక స్టెంట్ వేశారు. ఆరోగ్యశ్రీలో అయింది, చేతి డబ్బు తిండికీ దారి ఖర్చులకే. నాన్న బతికాడు.

ఇక్కడితో అయిపోయింది అనుకున్నాం. "బతికాడు" అనే మాటకి ఎన్ని లెక్కలు ఉంటాయో అప్పటికి మాకు తెలీదు.

మూడో రోజు ఎకో తీశారు. కాగితం మీద 35 శాతం అని ఉంది. పరీక్షలో పాసు మార్కు అనుకున్నాడు చిన్నోడు. మెడిసిన్ చదువుతున్న మన సీనియర్ అక్క ఒకామె ఉంది, మన ఏజెన్సీ పిల్లే. ఆమెకి ఫోటో తీసి పంపితే ఫోన్ చేసి చెప్పింది. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు లోపలున్న రక్తంలో ఎంత బయటికి నెడుతుందో చెప్పే లెక్క అది. మామూలు మనిషికి 55 నుంచి 70 దాకా ఉంటుంది. నాళం మూసుకుపోయిన అరగంట నుంచే కండ చావడం మొదలవుతుంది, గంట గంటకీ ఆ చచ్చిన భాగం పెరుగుతూ పోతుంది. చచ్చిన కండ మళ్లీ రాదు. "స్టెంటు దారి తెరిచింది తమ్ముడూ, కానీ ఆ దారి చివర పొలం చాలావరకు ఎండిపోయింది" అంది అక్క. ఈ మాట మాకు బాగా అర్థమైంది.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఇద్దరం లెక్క వేశాం. ఫోన్ వచ్చింది 9:40కి. అప్పుడే "డోలీ కట్టండి" అని ఉంటే, చీకట్లో ఇంకో గంట ఎక్కువ పట్టినా, ఒంటిగంట, రెండింటికల్లా టౌను ఆసుపత్రిలో ఉండేవాళ్లు. అంటే నొప్పి మొదలైన ఆరేడు గంటలకి. ఆ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు. ఆ ఇంజెక్షన్ పేరు టెనెక్టెప్లేస్. బయట కొంటే దాదాపు 40 వేలు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే పథకం 2023లో మొదలైంది, స్టెమీ అంటారు. మాకు ఐదు కిలోమీటర్ల నడకా, ముప్పావు గంట ప్రయాణమూ అవతల ఆ మందు ఫ్రీగా ఉంది. మేం గ్యాస్ అన్నాం.

తర్వాత ఆ అక్కనే అడిగి కొన్ని విషయాలు తెలుసుకున్నాం. మీక్కూడా పనికొస్తాయి.

ఇటలీలో 11 వేల మందికి పైగా గుండెపోటు రోగుల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధన 1986లో అచ్చయింది. రక్తం గడ్డ కరిగించే మందు (అప్పట్లో స్ట్రెప్టోకైనేజ్) నొప్పి మొదలైన గంటలోపు ఇస్తే చావులు దాదాపు సగానికి తగ్గాయి. మూడు నుంచి ఆరు గంటల మధ్య ఇస్తే ఆరో వంతు మాత్రమే తగ్గాయి. మందు అదే, డోసు అదే. మారింది గడియారం ఒక్కటే.

1988లో ఇంకో పరిశోధన వచ్చింది, 17,187 మంది రోగులతో. మామూలు ఆస్పిరిన్, సగం బిళ్ల అంత, నెల రోజులు ఇస్తేనే గుండె, రక్తనాళాల చావులు నాలుగో వంతు దాకా తగ్గాయని తేలింది. ఏ మందూ ఇవ్వని వాళ్లలో 100కి 13 మంది ఐదు వారాల్లో పోతే, ఆస్పిరిన్, గడ్డ కరిగించే మందు రెండూ ఇచ్చిన వాళ్లలో 8 మంది పోయారు. ఆస్పిరిన్ ధర ఎంతో తెలుసా? సంతలో మిరపకాయ బజ్జీ కన్నా తక్కువ.

మూడోది మన దేశంలోదే. దీన్ని మాత్రం నెమ్మదిగా చదవండి. బెంగళూరు డాక్టర్లు ముందుండి దేశంలో 50 నగరాలు, 89 ఆసుపత్రుల్లో 20,937 మంది రోగుల వివరాలు సేకరించారు, 2008లో అచ్చయింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరడానికి, పెద్ద గుండెపోటు వచ్చిన వాళ్లలో సగం మందికి ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువే పట్టింది. నెల రోజుల్లో చనిపోయిన వాళ్లు డబ్బున్నోళ్లలో 100కి 5.5, పేదల్లో 8.2. ఎందుకీ తేడా? పేదోళ్లకి ముందు నుంచే ఒళ్లు బాగాలేదా, పొగ ఎక్కువ తాగారా అని అన్నీ లెక్కగట్టి చూశారు. అప్పుడూ తేడా పోలేదు. అందిన వైద్యాన్ని సమానం చేసి లెక్క కట్టినప్పుడు మాత్రం తేడా మాయమైపోయింది.

అంటే ఏంటి? పేదోడి గుండె బలహీనమైంది కాదు. పేదోడి తలరాతా కాదు. వాడికి అందాల్సిన మందు అందలేదు, అంతే. అక్క ఇది చెప్పినప్పుడు మేం చాలాసేపు మాట్లాడలేకపోయాం. మన ఊళ్లలో ఎవరు పోయినా "రాత" అంటాం, "గాలి" అంటాం, "ఎవరో చేయించారు" అంటాం. దాని వల్ల ఏమవుతుందో మా ఊళ్లోనే చూశాం.

మూడేళ్ల కిందట మా పెద్దమావ పొలం గట్టు మీద గుండె పట్టుకుని పడిపోయాడు. ఇంటికి తెచ్చేలోపే ప్రాణం పోయింది. 48 ఏళ్లు. ముందు రోజు ఒక ముసలమ్మతో గట్టు తగువు అయింది. ఇంకేముంది, ఆవిడే చేసింది అన్నారు. ఎవరూ కొట్టలేదు గానీ, ఎవరూ పలకరించలేదు. నీళ్ల దగ్గర పక్కకి జరిగారు. నెల తిరక్కుండా ఆవిడ మూట కట్టుకుని కూతురి ఊరు వెళ్లిపోయింది. పలకరించని వాళ్లలో మేమూ ఉన్నాం. నాన్నకి జరిగిన తర్వాత అమ్మ ఒకరోజు ఉన్నట్టుండి అంది, "మీ పెద్దమావకి కూడా ఇదే వచ్చుంటాది కదరా?" అవునో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ గుండెపోటు చావుల్లో చాలా భాగం మొదటి గంటలోనే, ఆసుపత్రికి చేరకముందే, గుండె కొట్టుకోవడం లయ తప్పి జరుగుతాయని ఇప్పుడు మాకు తెలుసు. అమ్మ మానెడు చోళ్లు కట్టుకుని ఆవిడ ఊరు వెళ్లి చూసి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. ఆవిడ మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు రెండో సగం. బతికిన తర్వాత బతకడం.

ఆరో రోజు నాన్నని ఇంటికి పంపారు. ఐదు రకాల బిళ్లలు. ఆస్పిరిన్ జీవితాంతం. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఇంకోటి, ఏడాది దాకా ఆపకూడదు. కొవ్వుది ఒకటి, గుండె వేగం తగ్గించేది ఒకటి, గుండెకి బరువు తగ్గించేది ఒకటి. సిస్టర్ ఓపికగానే చెప్పింది, కానీ తెలుగులో గబగబా చెప్పేసింది. నాన్నకి మన భాషలో చెప్తేనే బుర్రకెక్కుతుంది. చిన్నోడు కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీశాడు. సూర్యుడున్నవి పొద్దున్న, చంద్రుడున్నది రాత్రి. అమ్మకి వెంటనే అర్థమైంది. చుట్ట మానేస్తే మళ్లీ గుండెపోటుతో చనిపోయే ముప్పు మూడో వంతు తగ్గుతుంది అని అక్క చెప్తే, నాన్న చుట్టలకట్ట తీసి పొయ్యిలో పడేశాడు. మేం నిశ్చింతగా హాస్టలుకి వచ్చేశాం.

ఏప్రిల్‌లో ఇటుకల పండుగకి ఇంటికి వెళ్లాం. ఊరంతా డప్పులు, మగవాళ్లు వేటకి బయలుదేరే హడావుడి. నాన్న గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు. చూడగానే తేడా తెలిసింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నాడు, గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. "ముసలితనం రా" అన్నాడు నవ్వుతూ. 46 ఏళ్లకి ముసలితనమేంటి? చిన్నోడు కవర్లు తీసి బిళ్లలు లెక్కపెట్టాడు. అయిపోయి ఉండాల్సిన బిళ్లలు ఇంకా చాలా ఉన్నాయి.

"నాకేటి నొప్పి లేదు కదరా. బాగున్నప్పుడు మందెందుకు?" అన్నాడు నాన్న.

అమ్మ లోపల్నుంచి గట్టిగా అంది. "అబద్ధాలాడకు. మందులకి కిందికి దిగితే రోజు కూలి పోద్ది, జీపుకి రానూ పోనూ 160 అవుద్ది, మీకు పంపడానికి మిగలదని రోజు విడిచి రోజు మింగుతున్నాడు. ఉన్నవే రెండు నెలలు సాగదీస్తన్నాడు."

నాన్న ఏం మాట్లాడలేదు. మేం కూడా ఏం మాట్లాడలేకపోయాం. నెలనెలా మాకు ఫోన్‌పేలో వచ్చిన ఐదొందలు ఎక్కడివో ఆ రోజు తెలిసింది. ఆ డబ్బుతో రీఛార్జి చేసుకున్నాం. ఒకసారి బిర్యానీ తిన్నాం.

మర్నాడే కిందికి తీసుకొచ్చాం. ఈసారి గంట కూడా ఆలస్యం చేయలేదు. గుండె సరిగ్గా నెట్టలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అన్నారు. నీరు పోయే మందులు ఇచ్చి నాలుగు రోజులు ఉంచారు. "స్టెంటు వేసిన మొదటి ఏడాది ఇలా మందులు ఆపితే అది ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. మీ నాన్న అదృష్టవంతుడు" అన్నారు డాక్టరు గారు. రెండోసారి అదృష్టం. మూడోసారి దాని మీద ఆధారపడదలుచుకోలేదు.

అప్పుడు మాలో పెద్దోడు చదువు ఆపేసి ఇంటికి వెళ్లిపోతా అన్నాడు. నాన్న ఆసుపత్రి మంచం మీద నుంచే కోప్పడ్డాడు. "నువ్వు ఇంటికాడ కూకుంటే నా గుండె బాగవుద్దేటి? ఆ మందు పేరు సదివేది ఎవడు?" అన్నాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

చదువు ఆపకుండా ఏం చేయగలమో ఆలోచించాం. చేసినవి ఇవి, మీరూ చేయొచ్చు.

1. మందులు మోసే పని మాది. ప్రతి నెలా మా ఊరి వైపు వెళ్లే హాస్టలు పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు. నాన్న కాగితం మా దగ్గర ఉంది. ఆసుపత్రిలో మందులు తీసుకుని వాళ్ల సంచిలో పెడుతున్నాం. ఇప్పుడు మా ఊళ్లో బీపీ మందులు వాడే ఇంకో ఇద్దరివి కూడా అలాగే వెళ్తున్నాయి. రోగి కొండ దిగడం డాక్టరుకి చూపించుకోవడానికి అయితే చాలు, బిళ్లల కోసం ప్రతిసారీ అక్కర్లేదు.

2. ఆశా అక్క వారానికోసారి బిళ్లలు లెక్కపెడుతుంది, పాదాలు నొక్కి చూస్తుంది. ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగినా మాకు ఫోన్ చేయాలి. బరువు చూసే మిషను అంగన్వాడీలో ఉంది.

3. సిగ్నల్ బండ మీద తెల్ల పెయింటుతో రాశాం. "108". దాని కింద: "గుండెల్లో బరువు, చెమట, చెయ్యి దవడ లాగడం, వాంతి, ఆయాసం. 15 నిమిషాల్లో తగ్గకపోతే డోలీ ఎత్తు. పొద్దున్న దాకా ఆగొద్దు. ఎవరినీ అడగొద్దు." చివరి మాట మేం పట్టుబట్టి రాశాం. ఎవరినీ అంటే మమ్మల్ని కూడా.

4. నడిపించకూడదు. గుండెపోటు మనిషి తన కాళ్ల మీద కొండ దిగితే గుండెకి ఇంకా బరువు. డోలీ మోసే ఆరుగురి పేర్లు ముందే అనుకుని పెట్టుకున్నాం, బొంగూ దుప్పటీ ఒకే చోట ఉంటాయి. ఇంతకుముందు రాత్రిపూట బొంగు వెతకడానికే అరగంట పోయేది.

5. 108కి ఫోన్ చేసినప్పుడు ఆస్పిరిన్ ఇవ్వొచ్చా అని అడగండి. ఇవ్వమంటే 300 మిల్లీగ్రాములది నమిలి మింగించాలి. ఆస్పిరిన్ పడనివాళ్లకి, కడుపులో రక్తం పోయే జబ్బు ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. అందుకే అడగమంటున్నాం.

6. మనిషి పడిపోయి, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, రెండు అంగుళాల లోతు. హాస్టల్లో ఎన్‌సీసీ వాళ్లనో, 108 సిబ్బందినో అడిగి నేర్చుకోండి. ధింసా అడుగులు ఎన్ని రోజుల్లో నేర్చుకున్నామో చూస్తే, ఇది ఒక్క పూట పని.

రోడ్లు అడుగుదాం, అడగాల్సిందే. ఐదు కిలోమీటర్ల రోడ్డు ఉంటే ఆ రాత్రి రెండు గంటలు మిగిలేవి. రోడ్డుకి అర్జీ పెట్టి ఊరివాళ్లు ఎన్నిసార్లు తిరిగారో మాకు తెలుసు. కానీ ఆ పదమూడు గంటల్లో కొండ తిన్నది రెండు గంటలు, రోడ్డు ముప్పావు గంట. మిగతావన్నీ తెలియకపోవడం తిన్న గంటలు. ఆ గంటలకి జీవో అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఈ పోస్టు చదివిన ఒక్కో తమ్ముడూ చెల్లీ ఈ వారం ఇంటికి ఫోన్ చేసి, అమ్మకి మన భాషలో, చెమట గురించీ చెయ్యి లాగడం గురించీ చెప్తే చాలు. చదువుకున్న పిల్లలు చెప్పారంటే మనవాళ్లు వింటారు. ఆ రాత్రి మా మాట విన్నారు కదా, అలాగే.

నాన్న ఇప్పుడు ఎలా ఉన్నాడని అడుగుతారు. బస్తా మోయలేడు. పోడు పనికి వెళ్లడు. కాఫీ పండ్లు అరుగు మీద కూర్చుని ఏరుతాడు, మిరియాలు ఎండబెడతాడు. మొదట్లో చాలా కుంగిపోయాడు, "నేను దేనికీ పనికిరాను" అని. డాక్టరు రోజూ నడవమన్నారు, మొదట కొంచెం, తర్వాత కొంచెం కొంచెంగా పెంచమన్నారు. రోజూ సాయంత్రం సిగ్నల్ బండ దాకా నడిచి మాకు ఫోన్ చేస్తున్నాడు. మే నెలలో బండ చేరడానికి నాలుగు చోట్ల ఆగి కూర్చునేవాడు. నిన్న ఒక్క చోటే ఆగాడట. ఎకో మళ్లీ తీశారు, 40 అని వచ్చింది. చిన్నోడు మళ్లీ పాసు మార్కులతో పోల్చాడు, ఈసారి నవ్వాం.

నాన్న ఫోన్‌లో మొదట అడిగేది "తిన్నారా?" అని. మేం మొదట అడిగేది "మింగావా?" అని. ఇద్దరం "ఊఁ" అన్నాకే మిగతా కబుర్లు.

మీ ఊళ్లో ఇలాంటివి జరిగి ఉంటే కింద రాయండి. మందులు మోసే పని మీ హాస్టల్లో మొదలుపెట్టాలనుకుంటే, మేం ఎలా చేస్తున్నామో చెప్తాం. తప్పులుంటే క్షమించండి.

జై ఆదివాసీ.